దృష్టి తగిలే స్ఫటికాలు

నరుడి కంటికి నల్లరాళ్లు పగులుతాయని మన సామెత. రాళ్ల మాటేమో గానీ, ప్రొటీన్ స్ఫటికాల విషయంలో అది అచ్చంగా నిజం. వాటి లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో తెలియాలంటే ఎక్స్‌ కిరణాలు పంపాలి. పంపిన క్షణం నుంచే ఆ కిరణాలు లోపలి బంధాలు తెంపడం మొదలుపెడతాయి. చూసినకొద్దీ స్ఫటికం పాడవుతుంది, పాడైనకొద్దీ కనిపించేది తగ్గిపోతుంది. ఈ తగవు తీరకుండానే పని సాగుతోంది. 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇలా చెడిపోతున్న స్ఫటికాల నుంచి ఆదరాబాదరాగా రాబట్టుకున్నవే. అందుకే ఈ రంగంలో రికార్డులు కూడా కాస్త తేడాగా ఉంటాయి. ఎంత దెబ్బకు తట్టుకుంది, ఎంత చప్పున చూసి బయటపడ్డారు అన్నవే ఇక్కడ లెక్కలోకి వస్తాయి.

మూడు కోట్ల గ్రేలు

కిరణాల దెబ్బని కొలిచే ప్రమాణం గ్రే. కిలో పదార్థం ఒక జౌలు శక్తిని ఇముడ్చుకుంటే అది ఒక గ్రే. మనిషికి ఒళ్లంతా ఒకేసారి నాలుగైదు గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే, సగం మంది బతకరు. ఉల్లిపాయలు మొలకెత్తకుండా ఆపడానికి వంద గ్రేల లోపూ ఆ చుట్టుపక్కలా సరిపోతుంది. మసాలా పొడుల్లో సూక్ష్మజీవులు చావడానికి మన దేశంలో అనుమతించిన మోతాదు 6 వేల నుంచి 14 వేల గ్రేలు. ఆస్పత్రి సిరంజిలను శుద్ధి చేయడానికి 25 వేలు వాడతారు.

ఇక బతికి బట్టకట్టే ఘనుల సంగతి. 1956లో అమెరికాలోని ఆరెగాన్‌లో, గామా కిరణాలతో శుద్ధి చేసిన మాంసం డబ్బా ఒకటి అయినా చెడిపోయింది. అందులో దొరికిన బ్యాక్టీరియాకి డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అని పేరు. 5 వేల గ్రేలు తగిలినా దానికి దాదాపు ఏమీ కాదు. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర దొరికిన థెర్మోకాకస్ గామాటాలరన్స్ దాన్నీ మించింది. 30 వేల గ్రేలకూ తట్టుకుంటుంది. ప్రాణం ఉన్నవాటిలో మొదటి పీట దీనిదే.

ప్రాణం లేని ప్రొటీన్ స్ఫటికానికి ఇచ్చే మోతాదు ముందు ఇవన్నీ దిగదుడుపే. చల్లబరిచిన స్ఫటికానికి మామూలుగా పెట్టుకునే హద్దు 3 కోట్ల గ్రేలు. థెర్మోకాకస్ తట్టుకునేదానికి వెయ్యి రెట్లు, మనిషిని చంపేదానికి అరవై లక్షల రెట్లు. శక్తి లెక్కలో చూస్తే కిలోకి 3 కోట్ల జౌళ్లు. కిలో టీఎన్‌టీ పేలితే వచ్చేది 42 లక్షల జౌళ్లే. అంటే ఆ స్ఫటికం తన బరువుకి ఏడింతల పేలుడు మందుని మింగి కూర్చుందన్నమాట.

మరి పేలిపోదేం? ఒకటి, అది చాలా చిన్నది. ఒక్కో వైపు మిల్లీమీటరులో పదో వంతు ఉన్న స్ఫటికం బరువు ఒక మైక్రోగ్రాము పైచిలుకు. దానికి తగిలే మొత్తం శక్తి జౌలులో వందకు నాలుగు వంతులైనా ఉండదు. వంద గ్రాముల వస్తువుని మూడున్నర సెంటీమీటర్లు పైకెత్తే పాటి శక్తి అది. రెండు, దాని మీద చల్లటి నైట్రోజన్ వాయువు ఆగకుండా వీస్తూ ఉంటుంది, పుట్టిన వేడిని పుట్టినట్టే ఊడ్చుకుపోతుంది.

ఈ హద్దు ఎలా తేలిందన్నదీ చెప్పుకోదగ్గదే. 1990లో కేంబ్రిడ్జ్‌లోని రిచర్డ్ హెండర్సన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నమూనాలు చెడిపోయే తీరుని బట్టి, ఎక్స్‌ కిరణాల స్ఫటికానికి 2 కోట్ల గ్రేల దగ్గర చిత్రం ఇచ్చే సత్తువ సగం పోతుందని కాగితం మీదే లెక్కగట్టాడు. (2017లో రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్న హెండర్సన్ ఇతనే, అది వేరే పనికి.) నిజంగా కొలిచి చూసే పనిని 2006లో రాబిన్ ఓవెన్, ఎన్రీకే రుడీనో-పిన్యేరా, ఎల్‌స్పెత్ గార్మన్ చేశారు. మన ఒంట్లో ఇనుముని దాచిపెట్టే ఫెరిటిన్ అనే ప్రొటీన్‌ని ఎంచుకున్నారు. ఇనుము ఉన్న ఫెరిటిన్ కిరణాలను ఎక్కువగా పీల్చుకుంటుంది, లేనిది తక్కువగా. రెండింటినీ ఒకే కిరణంలో పెడితే, నష్టం గడియారాన్ని బట్టి కాక పీల్చుకున్న మోతాదుని బట్టి జరుగుతోందని రూఢి అవుతుంది. సగం సత్తువ పోయేది 4 కోట్ల 30 లక్షల గ్రేల దగ్గర అని తేలింది. కిలో పెట్రోలు మండితే వచ్చే శక్తీ రమారమి అంతే. కానీ అంత దాకా పోవద్దు, 3 కోట్ల దగ్గరే ఆగండి అని వాళ్లు సలహా ఇచ్చారు. అప్పటికే తీసిన కొలతల్లో నమ్మకం సడలుతుంది కాబట్టి. ఆ సలహా గార్మన్ పేరుతోనే స్థిరపడిపోయింది.

ఎక్స్‌ కిరణాలు పుట్టించే భారీ యంత్రాలైన ఇప్పటి సింక్రోట్రాన్లలో పది మైక్రాన్ల మేర కేంద్రీకరించిన కిరణం సెకనుకి పది లక్షల కోట్ల ఫోటాన్లను (కిరణపు రేణువులను) మించి కుమ్మరిస్తుంది. ఆ లెక్కన ఈ హద్దు చేరడానికి ఒక సెకను కూడా పట్టదు.

వందకు తొంభై ఎనిమిది

ఇంత నష్టం ఎందుకంటే, ఈ వ్యాపారంలో వృథా అంత ఎక్కువ. సగటున వాడే శక్తి దగ్గర, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న స్ఫటికంలోకి వంద ఫోటాన్లు పంపితే తొంభై ఎనిమిది దేన్నీ తాకకుండా అవతలికి వెళ్లిపోతాయి. మిగిలిన రెండింటి మీదే అందరి ఆశ. అక్కడా అదృష్టం తక్కువే. తాకిన ఫోటాన్లలో నూటికి 84 ఏదో ఒక పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ని పీకి విసిరేసి అక్కడికక్కడే మాయమవుతాయి. మరో 8 కొంత శక్తి పోగొట్టుకుని దిక్కు మారతాయి. చిత్రం ఏర్పడటానికి పనికొచ్చేవి చివరి 8 మాత్రమే.

అలా విసిరిన ఎలక్ట్రాన్ ఊరికే పోదు. దారి పొడవునా మరిన్ని ఎలక్ట్రాన్లను రాలగొడుతూ పోతుంది. ఒక్కోటి సుమారు 500 చోట్ల గాయం చేయగలదు. అన్నీ కలిపి గుణిస్తే, చిత్రానికి అక్కరకొచ్చే ఒక్క ఫోటాన్ కోసం దగ్గర దగ్గర ఐదు వేల గాయాలు. ఈ వ్యవహారమంతటిలో నాకు అన్నిటికంటే విడ్డూరంగా తోచేది ఈ లెక్కే. మిగతా రికార్డులన్నీ దీని నుంచి తప్పించుకోవడానికి మనుషులు పడ్డ పాట్లు.

అసలు స్ఫటికమే ఎందుకు కావాలన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. ఒంటరి ప్రొటీన్ అణువుకి అన్ని గాయాలు తగిలితే ఇక చూడటానికి ఏమీ మిగలదు. కోడిగుడ్డు తెల్లసొనలో దొరికే లైసోజైమ్‌ని తీసుకోండి. పైన చెప్పిన కొలతలో ఉన్న దాని స్ఫటికంలో సుమారు 34 లక్షల కోట్ల అణువులు బారులు తీరి ఉంటాయి. అన్నీ ఒకే తీరుగా నిలబడటం వల్ల చిత్రం బలపడుతుంది, దెబ్బ మాత్రం అందరికీ పంచుకుపోతుంది.

మంచు మీద ఆటలాడి వచ్చేసరికి

ప్రొటీన్ స్ఫటికం నుంచి మొదటి మంచి ఎక్స్‌రే చిత్రం 1934లో వచ్చింది. జీర్ణరసంలో ఉండే పెప్సిన్‌ది. స్వీడన్‌లోని ఉప్సలాలో జాన్ ఫిల్పాట్ అనే పరిశోధకుడు పెప్సిన్ ద్రావణాన్ని ఫ్రిజ్‌లో ఉంచి, మంచు మీద స్కీయింగ్ చేయడానికి సెలవు మీద వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రెండు మిల్లీమీటర్ల పొడవున్న స్ఫటికాలు! అటుగా వచ్చిన గ్లెన్ మిలికన్ వాటిలో కొన్నిటిని ద్రావణంతో సహా గొట్టంలో పెట్టుకుని కేంబ్రిడ్జ్‌లో జె.డి.బెర్నల్‌కి తెచ్చిచ్చాడు. బయటికి తీసి ఆరబెట్టిన స్ఫటికం నుంచి ఏ చిత్రమూ రాలేదు. తడిగానే గాజుగొట్టంలో పెట్టి తీస్తే చుక్కలు బారులు తీరి కనిపించాయి. ఎందుకంటే ప్రొటీన్ స్ఫటికంలో దాదాపు సగం నీరే. పైకి రత్నంలా మెరుస్తుంది గానీ పట్టుకుంటే జున్నుముక్కలా మెత్తన. ఆ నీరే తరవాత కొంప ముంచుతుందని అప్పటికి ఎవరికీ తోచలేదు. కిరణం తగిలితే ఆ నీటిలోంచే చురుకైన రాడికల్స్ పుట్టి ప్రొటీన్ మీద పడతాయి.

బెర్నల్‌తో పాటు ఆ చిత్రం మీద పనిచేసిన డొరతీ క్రోఫుట్, పెళ్లయ్యాక హాడ్జ్‌కిన్, మరుసటి ఏడు ఇన్సులిన్ చిత్రం తీసింది. ఆ ఇన్సులిన్ నిర్మాణం 1969లో గానీ బయటపడలేదు. ముప్పై నాలుగేళ్లు! మధ్యలో 1964లో పెనిసిలిన్, విటమిన్ బి12 వంటి వాటి నిర్మాణాలకు ఆమెకు నోబెల్ కూడా వచ్చేసింది. ఇన్సులిన్ తేల్చిన బృందంలో మన దేశం నుంచి వెళ్లిన ఎం.విజయన్ ఉన్నారు. బెంగళూరులో తరవాతి తరాలకు ఈ విద్య నేర్పిన పెద్ద ఆయనే.

కిరణాల దెబ్బని పద్ధతిగా కొలిచిన మొదటివాళ్లు కోలిన్ బ్లేక్, డేవిడ్ ఫిలిప్స్. 1962లో మయోగ్లోబిన్ స్ఫటికాల మీద చేశారు. వాళ్ల లెక్క ప్రకారం స్ఫటికం పీల్చుకున్న ఒక్కో ఫోటాన్ సుమారు 70 ప్రొటీన్ అణువులను ధ్వంసం చేస్తుంది, మరో 90 అణువుల వరస చెడగొడుతుంది. ఇప్పటి సూపర్ కంప్యూటర్లేవీ లేని రోజుల్లో ఈ అంకెకు ఎలా చేరారా అనిపిస్తుంది. మసకబారుతున్న చుక్కలను ఓపికగా కొలుచుకుంటూ పోయారంతే. మూడేళ్ల తరవాత, 1965లో, అదే ఫిలిప్స్ బృందం లండన్‌లో లైసోజైమ్ నిర్మాణాన్ని బయటపెట్టింది. ఎంజైముల్లో మొదట తేలిన నిర్మాణం అదే.

ముందు తెగేది ఏది?

కిరణం తగిలితే అన్నీ ఒకేలా పాడవుతాయని చాలాకాలం అనుకున్నారు. 2000 సంవత్సరంలో మూడు బృందాలు దాదాపు ఒకేసారి అది తప్పని చూపించాయి. మార్టిన్ వైక్ తోటివారితో కలిసి, విల్‌హెల్మ్ బర్మైస్టర్ విడిగా, రైమండ్ రవెల్లీ, షాన్ మెక్‌స్వీనీ మరోచోట. నష్టానికి ఒక వరస ఉంది. లోహం ఉన్న చోట అన్నిటికంటే ముందు ఎలక్ట్రాన్లు వచ్చి పడి దాని స్థితి మారిపోతుంది. తరవాత రెండు గంధకాలను కలిపే డైసల్ఫైడ్ బంధాలు సాగి తెగుతాయి. ఆ పైన ఆస్పార్టేట్, గ్లూటమేట్ కొసల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతుంది. వీటితో పాటే స్ఫటికంలో పదేపదే వచ్చే ఒక్కో గడి కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది.

దీన్ని కంటితోనూ చూడొచ్చు. బీమ్‌లైన్ (కిరణం వచ్చే మార్గం) దగ్గర స్ఫటికాన్ని ఒక చిన్న ఉచ్చులో నిలబెట్టి, కెమెరాతో తెర మీద పెద్దది చేసి చూస్తూ ఉంటారు. గదిలోకి మనుషులు పోకూడదు, తలుపు తాళం పడుతుంది. కిరణం వెళ్లి తాకాక అదే స్ఫటికాన్ని మళ్లీ చూస్తే, తాకిన మేరకు రంగు మారిన మచ్చ ఒకటి కనిపిస్తుంది. పసుపు, గోధుమ, ఒక్కోసారి నీలం. కిరణం ఎంత వెడల్పో ఆ మచ్చా అంతే. పని అయ్యాక స్ఫటికాన్ని వెచ్చబడనిస్తే కొన్నిసార్లు లోపలి నుంచి బుడగలు లేస్తాయి. బంధాలు తెగినప్పుడు పుట్టిన హైడ్రోజన్, చలికి కదల్లేక అంతవరకు లోపలే బందీగా ఉంది.

లోహాల సంగతి వచ్చింది కాబట్టి ఆకుపచ్చ మొక్కల ముచ్చట ఒకటి చెప్పాలి. నీటిని విడగొట్టి మనం పీల్చే ఆక్సిజన్‌ని వదిలే యంత్రం ఫొటోసిస్టమ్-2. దాని నడిబొడ్డున నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం ఉంటాయి. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్ప్రింగ్-8 సింక్రోట్రాన్‌లో దాన్ని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించారు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు, అంకె తగ్గేకొద్దీ స్పష్టత పెరిగినట్టు). లోకం మెచ్చుకుంది. కానీ మాంగనీసుల మధ్య దూరాలు రసాయన శాస్త్రజ్ఞులు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువగా ఉన్నాయి. ఎక్స్‌ కిరణాలే మాంగనీస్ స్థితిని మార్చేస్తాయని 2005లోనే జుంకో యానో బృందం హెచ్చరించి ఉంది. 2015లో అదే ప్రాంగణంలోని సాక్లా ఎక్స్‌రే లేజర్‌తో, నష్టం మొదలయ్యేలోపే చిత్రం తీసేసి చూస్తే, ఆ దూరాల్లో చాలావరకు ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు నుంచి రెండు వంతుల దాకా తగ్గాయి. అంత చిన్న తేడా కోసమా ఇంత గోల అనుకోవద్దు. నీటి నుంచి ఆక్సిజన్ ఎలా పుడుతుందన్న వాదమంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతోంది.

నైలాన్ దారం చేసిన మేలు

ఈ రంగంలో అతి పెద్ద లాభం తెచ్చిన వస్తువేదని అడిగితే కిలోమీటర్ల పొడవున్న యంత్రాల పేర్లు చెబుతారు. నా ఓటు మాత్రం వెంట్రుకకంటే సన్నని నైలాన్ పోగుకి. 1990లో త్సు-యి టెంగ్ అనే శాస్త్రవేత్త చిన్న ఉచ్చు చేసి, ద్రావణపు పొరలో స్ఫటికాన్ని పట్టి, ఒక్కసారిగా చల్లటి వాయువులో పెట్టే పద్ధతి చెప్పాడు. గాజుగొట్టం పోయింది, ఒత్తిడి పోయింది. ద్రావణంలో గ్లిజరాల్ వంటిది కలిపి చప్పున చల్లబరిస్తే నీరు మంచుగడ్డ కట్టే తీరిక లేక గాజులా బిగుసుకుంటుంది. ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 173 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో రాడికల్స్ ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ఇలా చల్లబరిచిన స్ఫటికం గది ఉష్ణోగ్రతలో ఉన్నదానికంటే సుమారు 70 రెట్లు ఎక్కువ మోతాదుని తట్టుకుంటుందని తరవాత లెక్క తేలింది. ఒక దారం, కొంచెం నైట్రోజన్, 70 రెట్ల ఆయుష్షు!

చల్లబరచాలన్న ఆలోచన అంతకుముందే ఉంది. డేవిడ్ హాస్, మైకేల్ రాస్‌మన్ 1970లోనే ఒక ఎంజైము మీద చేసి చూపించారు. 1980లలో కాలిఫోర్నియాలోని హోకన్ హోప్ దాన్ని అందరూ వాడుకునేలా చేశాడు. అందరికంటే ఎక్కువ ఫలితం పొందింది ఇజ్రాయెల్‌కు చెందిన ఆడా యోనత్. ఆమె పట్టుబట్టి పెంచిన రైబోసోమ్ స్ఫటికాలు సింక్రోట్రాన్ కిరణంలో గది ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల్లో చచ్చేవి. హోప్‌తో కలిసి వాటిని చల్లబరిచాక గానీ పని ముందుకు కదల్లేదు. 2009లో థామస్ స్టైట్జ్, తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌లతో కలిసి ఆమె నోబెల్ అందుకుంది.

చలి పద్ధతి ఇంటింటికీ రాకముందు ఇంకో మొరటు పద్ధతి ఉండేది. రాస్‌మన్ బృందం 1985లో జలుబు కలిగించే రైనోవైరస్ నిర్మాణం తేల్చింది. కార్నెల్ సింక్రోట్రాన్‌లో ఆ స్ఫటికాలు ఒకటి రెండు చిత్రాలకే హరీమనేవి. స్ఫటికాన్ని తిన్నగా నిలబెట్టి, దిక్కులు సరిచూసుకుని, అప్పుడు తీద్దామంటే ఆ సరిచూసుకునే చిత్రంతోనే పని అయిపోతుంది. అందుకని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి కొట్టేసి, ఏ దిక్కుకి తిరిగి ఉందో తరవాత తీరిగ్గా లెక్కవేసుకునేవారు. ముందు కాల్చు, తరవాత అడుగు అన్న ఈ తీరుకి తోటివారు ‘అమెరికన్ పద్ధతి’ అని పేరు పెట్టారు. వెటకారంగానే. కానీ పాతికేళ్ల తరవాత ప్రపంచమంతా ఆ దారికే వచ్చింది.

చావు కబురు అందేలోగా

దెబ్బ తప్పించుకోలేకపోతే, అది తెలిసేలోపే చూసేయొచ్చు కదా? 2000లో ఉప్సలాలో రిచర్డ్ న్యూట్జ్, యానోష్ హైదు తోటివారితో కలిసి కంప్యూటర్ మీద ఈ ఊహని పరీక్షించారు. లైసోజైమ్ అణువు మీద భయంకరమైన ఎక్స్‌ కిరణ స్పందన పడితే ఎలక్ట్రాన్లన్నీ ఎగిరిపోయి, మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని అణువు పేలిపోతుంది. కానీ కేంద్రకాలకు బరువుంది, కదలడానికి కొంత సమయం కావాలి. స్పందన కొన్ని ఫెమ్టోసెకన్లలోనే ముగిస్తే పేలుడుకి ముందరి రూపం చిక్కుతుంది. (ఫిల్పాట్ ఫ్రిజ్ ఉన్నదీ ఉప్సలాలోనే. ఆ ఊరి నీళ్లలో ఏదో ఉంది.)

ఫెమ్టోసెకను ఎంతటిదో చెప్పడం కష్టం. ఒక సెకనుకి మూడు కోట్ల ఏళ్లు ఎంతో, ఫెమ్టోసెకనుకి సెకను ఇంచుమించు అంత. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ పక్కన ఎల్‌సీఎల్‌ఎస్ అనే ఎక్స్‌రే లేజర్ 2009లో వెలిగింది. హెన్రీ చాప్‌మన్, పెట్రా ఫ్రోమ్, జాన్ స్పెన్స్ తదితరుల పెద్ద బృందం ఫొటోసిస్టమ్-1 సూక్ష్మ స్ఫటికాలను నీటిధారలో పారించి, అడ్డంగా లేజర్‌తో కొట్టింది. స్పందన నిడివి 70 ఫెమ్టోసెకన్లు. అంత సేపట్లో కాంతి కూడా 21 మైక్రాన్ల దూరమే పోగలదు, వెంట్రుక మందం కంటే తక్కువ. మోతాదు మాత్రం 70 కోట్ల గ్రేల దాకా. గార్మన్ హద్దుకి ఇరవై మూడు రెట్లు! ప్రతి స్ఫటికమూ ఆవిరైపోయింది, ప్రతిదీ పోయేముందు తన చిత్రం ఇచ్చిపోయింది. 2011లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం తీసినవి 30 లక్షలకు పైగా చిత్రాలు, నిర్మాణానికి అక్కరకొచ్చినవి 15 వేల పైచిలుకు. రెండు వందల్లో ఒకటి. స్పష్టత కూడా 8.5 ఆంగ్‌స్ట్రామ్‌లే. గొప్పగా ఏమీ లేదు. మరుసటి ఏడాదే లైసోజైమ్‌తో అది 1.9కి దిగింది.

అయితే ఫెమ్టోసెకన్లతో అన్ని కష్టాలూ తీరాయని చెప్పే ప్రచారాన్ని పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఇనుము, గంధకం గుత్తులుగా ఉండే ఫెరిడాక్సిన్ మీద 2015లో కరోల్ నాస్ బృందం చేసిన ప్రయోగంలో, 80 ఫెమ్టోసెకన్ల స్పందనలోనూ ఆ గుత్తుల దగ్గర రూపం చెదిరినట్టు ఆనవాళ్లు దొరికాయి. బరువైన పరమాణువులు ఎక్కువ పీల్చుకుంటాయి, ముందుగా నష్టపోతాయి. ఆ పాత వరస ఇక్కడా తప్పలేదు.

వేగంలో మాత్రం పోటీ ఆగలేదు. జర్మనీలోని హాంబర్గ్ దగ్గర 3.4 కిలోమీటర్ల పొడవున నేల కింద కట్టిన యూరోపియన్ ఎక్స్‌ఫెల్ 2017 నుంచి పనిచేస్తోంది, సెకనుకి 27 వేల స్పందనలు ఇవ్వగలదు. 2023లో వెలిగిన ఎల్‌సీఎల్‌ఎస్-2 లక్ష్యం సెకనుకి పది లక్షలు.

పురుగు కడుపున పుట్టిన స్ఫటికం

అతి చిన్న స్ఫటికాల రికార్డుకి మనుషులకంటే వైరస్‌లే ముందున్నాయి. పురుగులకు సోకే కొన్ని వైరస్‌లు, బయట ఎండకీ వానకీ తట్టుకోవడానికి, తమ చుట్టూ ప్రొటీన్ స్ఫటికాన్ని పెంచుకుని దానిలో దాక్కుంటాయి. పట్టుపురుగుల్లో రోగం తెచ్చే సైపోవైరస్ గింజలు కొన్ని మైక్రాన్లే ఉంటాయి. 2007లో స్విస్ సింక్రోట్రాన్‌లో సన్నని కిరణంతో వాటి నిర్మాణం తేల్చారు. ప్రయోగశాలలో ఎవరూ స్ఫటికం పెంచలేదు, పురుగు కణాల్లోనే అది పెరిగింది. ఆపిల్ కాయను తొలిచే పురుగుకి సోకే గ్రాన్యులోవైరస్‌ది ఇంకా చిన్నది. పొడుగు అర మైక్రాన్ లోపు, వెడల్పు దాని సగం కంటే కాస్త ఎక్కువ. మొత్తం కలిపి సుమారు 9 వేల గడులు. లైసోజైమ్ స్ఫటికంలోని లక్షల కోట్ల లెక్కతో పోల్చి చూడండి. ఎల్‌సీఎల్‌ఎస్‌లో కొట్టి దాని నిర్మాణాన్ని రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో 2017లో ప్రకటించారు. సింక్రోట్రాన్‌లో అయితే ఒకే స్ఫటికం నుంచి మొత్తం వివరాలు రాబట్టాలంటే ఎంత చిన్నది సరిపోతుందని జేమ్స్ హోల్టన్, కెన్నెత్ ఫ్రాంకెల్ 2010లో లెక్కవేశారు. రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతకి లైసోజైమ్ గోళమైతే అడ్డుకొలత 1.2 మైక్రాన్లు. అంతకంటే చిన్నదైతే పని పూర్తయ్యేలోపే అది ఉండదు.

శత్రువుని కూలికి పెట్టుకున్నారు

నష్టం ఒక వరసలో జరుగుతుందని తెలిశాక కొందరికి తెలివైన ఆలోచన తట్టింది. స్ఫటికాన్ని ముందోసారి కొలిచి, బాగా కిరణాలు పెట్టి, మళ్లీ కొలిస్తే, ఆ రెండింటి తేడాలో తెగిన బంధాల చోటు బయటపడుతుంది. ఆ చోట్లే ఆసరాగా మొత్తం నిర్మాణం విప్పుకోవచ్చు. 2003లో రవెల్లీ బృందం దీన్ని చేసి చూపించింది. అదే రవెల్లీ మూడేళ్ల ముందు ఈ నష్టాన్ని దొంగగా పట్టిచ్చిన మూడు బృందాల్లో ఒకదానివాడు!

అంతకంటే అందమైనది 2002 నాటి గుర్రపుముల్లంగి పెరాక్సిడేజ్ కథ. వైద్య పరీక్షల కిట్లలో విరివిగా వాడే ఎంజైము అది. దాని మధ్యలోని ఇనుము దగ్గర ఆక్సిజన్ అంచెలంచెలుగా మారుతుంది, ప్రతి అంచెకీ ఎలక్ట్రాన్ కావాలి. ఎక్స్‌ కిరణాలు రాలగొట్టే ఎలక్ట్రాన్లు ఎలాగూ వచ్చి ఇనుము మీదే పడుతున్నాయి. సరే, అవే పడనీ అన్నారు హైదు బృందం వారు. చాలా స్ఫటికాలు తీసుకుని, ఒక్కోదాని నుంచి వేరువేరు మోతాదుల దగ్గర కొద్దికొద్దిగా కొలతలు ఏరి, ఒకే మోతాదువన్నీ ఒక చోట చేర్చారు. తక్కువ మోతాదు నుంచి ఎక్కువకి వరసగా పేర్చితే ఆ ఎంజైము పని చేస్తున్న దృశ్యం అంచెలుగా కనిపించింది. పాడు చేస్తోందని తిట్టుకున్న కిరణమే రసాయన చర్యని నడిపించింది, దాన్నే చూపించింది కూడా.

గట్టిపిండాలు, మరికొన్ని

అన్ని అణువులూ ఒకే తీరుగా నలగవు. ప్రొటీన్, ఆర్‌ఎన్‌ఏ కలిసి ఉన్న స్ఫటికంలో చార్లెస్ బరీ, గార్మన్ తోటివారితో కలిసి 2016లో చూస్తే, రెండున్నర కోట్ల గ్రేల దాకా పోయినా ఆర్‌ఎన్‌ఏ భాగం పెద్దగా చెక్కు చెదరలేదు, ప్రొటీన్ కొసలు మాత్రం రాలిపోయాయి. జీవకణంలో కిరణాలకు డీఎన్‌ఏ దెబ్బ తింటుందని వింటూ పెరిగిన మనకు ఇది తలకిందుల కబురే. కణంలో డీఎన్‌ఏ మీద పడే రాడికల్స్ ఈ చలిలో కదలవన్న సంగతి మరిచిపోకూడదు.

అసలు నష్టమే లేని పద్ధతి కావాలంటే న్యూట్రాన్లున్నాయి. ఎక్స్‌ కిరణాలు మామూలుగా చూపించలేని హైడ్రోజన్ పరమాణువుల్నీ అవి చూపిస్తాయి. కాకపోతే ఆ పుంజాలు మరీ పలచన. మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే పెద్ద స్ఫటికం పెంచాలి, రోజులు, ఒక్కోసారి వారాలు దాన్ని కిరణంలో నిలబెట్టాలి. అంత పెద్ద స్ఫటికం పెంచగలగడమే ఒక రికార్డు.

మన దేశంలో ఎక్స్‌ కిరణాలతో ఈ పని ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ దగ్గర సాగుతుంది. 21వ నంబరు బీమ్‌లైన్ ప్రొటీన్ స్ఫటికాల కోసమే. భాభా అణు పరిశోధన కేంద్రం వారు నడుపుతారు.

ఇన్ని రికార్డులు చెప్పుకున్నాం గానీ, ఒక మామూలు వివరం మాత్రం చాలా చోట్ల దొరకదు. డేటా బ్యాంకులోని నిర్మాణాల్లో చాలావాటి పక్కన, ఆ స్ఫటికం ఎన్ని గ్రేలు తిన్నదో రాసి ఉండదు. మోతాదు లెక్కవేసే రాడ్‌డోస్ ప్రోగ్రామ్ 2004 నుంచీ ఉచితంగా దొరుకుతున్నా వాడని వారు వాడరు. దీనికి విరుగుడుగా 2022లో కాథరిన్ షెల్లీ, గార్మన్ బినెట్ అనే కొలత ఒకటి ప్రకటించారు. మోతాదు వివరం లేకపోయినా, ఆస్పార్టేట్, గ్లూటమేట్ కొసలు ఎంత చలించినట్టు నమోదయ్యాయో చూసి, ఆ నిర్మాణానికి కిరణాల దెబ్బ ఎంత తగిలిందో అంచనా వేస్తుంది. ఎప్పుడో డేటా బ్యాంకులో చేరిపోయిన పాత నిర్మాణాలకూ, వాటిని చేసినవాళ్లను అడగకుండానే, ఈ పరీక్ష పెట్టొచ్చు.